మెరిసే ఈగ ఫొటో చూసి అది ఏ జాతో చెప్పడం ఎలా?

చేపల మార్కెట్‌లోనో, మేడ మీద కుండీ ఆకుమీదనో ఆకుపచ్చగా మెరిసే ఈగ కనిపిస్తుంది. ఫోన్ తీసి పైనుంచి ఒక ఫొటో కొట్టి, ఇది ఏ ఈగ అని అడుగుతారు. ఈ ప్రశ్న మళ్లీమళ్లీ వస్తూనే ఉంటుంది. చాలాసార్లు జవాబు చెప్పలేకపోవడానికి కారణం ఒక్కటే: పేరు తేల్చే గుర్తులు ఆ ఫొటోలో లేవు. మెరిసే బ్లోఫ్లైలలో (కుళ్లిన మాంసం, చేపల మీద వాలే ఈగల కుటుంబం) రంగు దాదాపు అందరికీ ఒకటే. తేడా అంతా చెంప రంగులో, శ్వాసరంధ్రంలో, రెక్క మొదట్లో ఉండే పొరల మీద, వెంట్రుకల లెక్కలో ఉంటుంది. వాటిని ఏ కోణంలో పట్టుకోవాలో, పట్టుకున్నాక ఏ వరుసలో చూడాలో కింద రాశాం. చెన్నైనీ, చుట్టుపక్కల మైదానాన్నీ దృష్టిలో పెట్టుకుని రాసినది ఇది. ఏర్కాడు, నీలగిరి లాంటి కొండల్లో తీసిన ఫొటోలకు దీన్ని యథాతథంగా వాడకండి, అక్కడ వేరే జాతులు కలుస్తాయి.

కావలసినవి

- మాక్రో లెన్స్ ఉన్న కెమెరా, లేదా 10ఎక్స్ నుంచి 15ఎక్స్ క్లిప్-ఆన్ లెన్స్ తగిలించిన ఫోన్. ప్రజాతి (జీనస్, అంటే దగ్గరి జాతుల గుంపు) వరకు ఫోన్ చాలు. తల వెనక వెంట్రుకలు లెక్కపెట్టాలంటే మాత్రం ఈగ అసలు సైజుకు రెండింతలైనా సెన్సర్ మీద పడాలి.
- ఫ్లాష్, దాని ముందు కట్టడానికి బటర్ పేపర్ లేదా పలచని తెల్ల ఫోమ్.
- మూతున్న చిన్న పారదర్శక డబ్బాలు, టిష్యూ పేపర్.
- తెల్ల కాగితం, మిల్లీమీటర్ల గీతలున్న స్కేలు.
- నగల పనివాళ్లు వాడే 10ఎక్స్ భూతద్దం.
- ఎర పెట్టేటట్టయితే 2 లీటర్ల కూల్‌డ్రింక్ సీసా, దోమతెర ముక్క, చేతి తొడుగులు.

ఈగ ఎక్కడ దొరుకుతుంది, ఎలా నిలబడుతుంది

కాశిమేడు, చింతాద్రిపేట చేపల మార్కెట్ల చుట్టూ వెతకనక్కర్లేదు, అవే కనిపిస్తాయి. ఎండు చేపలు ఆరబెట్టే చోట, కోయంబేడులో కుళ్లిన పళ్ల దగ్గర, మామిడి పూత మీద కూడా వాలతాయి. ఎండ ఎక్కితే నిలవవు. తెల్లవారాక మొదటి గంటలో ఆకుల మీద చల్లగా కూర్చుని ఉన్నప్పుడు తీయండి. ముందు దూరం నుంచి ఒకటి తీసి, తర్వాత నీడ దాని మీద పడకుండా నెమ్మదిగా దగ్గరకు వెళ్లండి. ఈగను ఎగరగొట్టేది చాలాసార్లు మీ చెయ్యి కాదు, నీడ.

ఎర పద్ధతి: సీసాను మెడ కింద కోసి, పై భాగాన్ని తలకిందులుగా లోపలికి దించండి. అడుగున చిన్న కప్పులో 100 నుంచి 150 గ్రాముల చేప తలలు, పేగులు వేసి, కప్పు మీద దోమతెర బిగించి కట్టండి. ఈ తెర వదిలేస్తే ఈగ చేప నూనెలో దొర్లుతుంది, వెంట్రుకలన్నీ అంటుకుపోతాయి, ఆ ఈగ ఇక గుర్తింపుకు పనికిరాదు. గుడ్లు కూడా నేరుగా ఎర మీదే పెట్టేస్తుంది. సీసాను మేడ మీద నీడలో వేలాడదీసి, తాడుకు వాసెలిన్ రాయండి, లేకపోతే చీమలు మీకంటే ముందు చేరతాయి. రెండు మూడు గంటల్లో తీసేయండి. అపార్ట్‌మెంట్‌లో ఉంటే ఎరను రాత్రంతా వదలొద్దు. పని అయ్యాక సంచిలో గట్టిగా మూటకట్టి చెత్తబండి వచ్చే రోజుదాకా ఫ్రీజర్‌లో పెట్టండి, లేదా లోతుగా పూడ్చండి. ఎరను, ఈగలను ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి. ఇవి పెంట మీద వాలి వచ్చినవి.

పట్టుకున్న ఈగను డబ్బాలో ఒక టిష్యూ ముక్కతో సహా ఫ్రిజ్ కింది అరలో 10 నుంచి 15 నిమిషాలు పెడితే మందకొడిగా అవుతుంది, చావదు. ఇక్కడ చెన్నై గాలితో ఒక చిక్కుంది. చల్లటి ఈగను బయటకు తీయగానే దాని ఒళ్లంతా సన్నటి నీటి బిందువులు పడతాయి. వెంట్రుకలు జతజతలుగా అతుక్కుని, మూడు ఉన్నచోట రెండు కనిపిస్తాయి. డబ్బా మూత వెంటనే తీయకుండా ఒకటి రెండు నిమిషాలు ఆగండి. ఏసీ గదిలోంచి తెచ్చిన లెన్స్‌కూ ఇదే బాధ. సంచిలోనే ఉంచి బయటి వేడికి అలవాటు పడనివ్వండి. ఏసీ గదిలోనే ఫొటో తీస్తే ఈ రెండు సమస్యలూ చాలావరకు తగ్గుతాయి.

తీయాల్సిన ఫొటోలు

ఒకే ఈగవి, ఈ క్రమంలోనే:

అ. పైనుంచి. ఉరం (రెక్కలు, కాళ్లు ఉండే నడిమి భాగం), ఉదరం రెండూ ఫోకస్‌లో ఉండాలి.

ఆ. పక్కనుంచి, కొంచెం ముందువైపుగా. చెంప, ముందు శ్వాసరంధ్రం, ఉరం పక్కభాగం రావాలి. ఒక్క ఫొటోకే అవకాశం ఉంటే ఇదే తీయండి.

ఇ. ఎదురుగా, ముఖం. కళ్ల మధ్య దూరం తెలియాలి.

ఈ. వెనకనుంచి, దాదాపు 45 డిగ్రీల ఎత్తులో. తల వెనక భాగం, రెక్క మొదలు, అక్కడి పొరలు పడాలి.

ఉ. ముందు కాలు తొడ, తెల్ల కాగితం మీద.

కెమెరా అయితే ఎఫ్/8 నుంచి ఎఫ్/11, షట్టర్ 1/200. ఎఫ్/16 దాటితే ఎక్కువ భాగం ఫోకస్‌లోకి వచ్చినట్టుంటుంది గానీ సన్న వెంట్రుకలు మసకబారతాయి. ఫ్లాష్‌ను నేరుగా కొట్టకండి. లోహంలా మెరిసే ఒంటి మీద తెల్లటి మచ్చలు పడి, సరిగ్గా మీకు కావలసిన వెంట్రుకల దగ్గరే ఏమీ కనిపించదు. ఫోన్‌లో బ్యూటీ, ఏఐ షార్పెనింగ్ లాంటివి ఆపేయండి. కొన్ని ఫోన్లు లేని వెంట్రుకను గీసేస్తాయి, ఉన్నదాన్ని తుడిచేస్తాయి.

గుర్తించే అడుగులు

1. అసలు ఈగేనా? రెక్కలు లెక్కపెట్టండి. ఈగకు ఒకే జత. ఆకుపచ్చగా, నీలంగా మెరిసే కుక్కూ కందిరీగలకు, చిన్న కార్పెంటర్ తేనెటీగలకు రెండు జతలు. ముడుచుకున్నప్పుడు తెలియకపోతే స్పర్శశృంగాలు చూడండి. బ్లోఫ్లైవి పొట్టిగా, ముఖానికి ఆనుకుని కిందికి వేలాడుతుంటాయి. కందిరీగవి పొడుగ్గా, చాలా కణుపులతో ముందుకు చాచి ఉంటాయి. పొడుగు కాళ్లతో, సన్నటి ఒంటితో ఆకుల మీద పరుగులుతీసే చిన్న పచ్చ ఈగలు వేరే కుటుంబానివి, డోలికోపోడిడే.

2. బ్లోఫ్లై కుటుంబమేనా? ఇక్కడే ఎక్కువమంది జారిపోతారు. పక్క ఫొటో తెరవండి. మధ్య కాలు మొదలుకూ వెనక కాలు మొదలుకూ మధ్య, వెనక కాలికి కాస్త పైన, నిలువుగా ఒక వరుస బలమైన ముళ్ల వెంట్రుకలు ఉన్నాయా? ఆ పలకను మెరాన్ అంటారు. బ్లోఫ్లైకి ఆ వరుస ఉంటుంది. పెంట మీద కనిపించే నియోమియా అనే ఆకుపచ్చ ఈగకు ఉండదు. నియోమియా ఇంటి ఈగ కుటుంబానిది. పైనుంచి తీసిన ఫొటోలో అచ్చం లూసిలియాలాగే (ఆకుపచ్చ బ్లోఫ్లైల ప్రజాతి) కనిపిస్తుంది. రెక్కలో మధ్య ఈనె చివర కూడా చూడండి. బ్లోఫ్లైలో అది కోణంగా విరిగి ముందుకు తిరుగుతుంది, నియోమియాలో మెల్లగా వంగుతుంది.

బూడిద రంగు ఉరం మీద మూడు నల్ల చారలు, ఉదరం మీద చదరంగం గళ్లు ఉంటే అది మాంసపు ఈగ, సార్కోఫాగిడే. దానికీ మెరాన్ వెంట్రుకలు ఉంటాయి కాబట్టి ఆ ఒక్క గుర్తుతో ఆగిపోవద్దు. మాంసపు ఈగ ఒంటికి లోహపు మెరుపు ఉండదు. ఇక స్క్యుటెల్లమ్ కింద, అంటే ఉరం చివరి త్రికోణం కింద, ఉబ్బెత్తుగా ఇంకో గుండ్రటి భాగం స్పష్టంగా ఉంటే అది టాకినిడే. గొంగళిపురుగుల మీద బతికే ఈగలవి.

3. మగదా, ఆడదా? ముఖం ఫొటోలో కళ్లు నడినెత్తిన దాదాపు తగులుతుంటే మగది. మధ్యలో వెడల్పాటి నుదురు ఉంటే ఆడది. ఇది ముందే తేల్చుకోవాలి. తర్వాతి గుర్తుల్లో కొన్ని మగదానికే వర్తిస్తాయి.

4. మెరుపు లేని బ్లోఫ్లైలను పక్కకు తీయండి. పూల మీద ఈగ, కళ్లకు అడ్డంగా చారలు, మూతి ముందుకు పొడుచుకుని ఉంటే స్టోమోరైనా. దీన్ని చాలామంది హోవర్‌ఫ్లై అనుకుంటారు. ఇప్పుడు కొందరు దీన్ని రైనిడే అని విడి కుటుంబంగా చూస్తారు, కొందరు బ్లోఫ్లైలలో ఉపకుటుంబంగా ఉంచుతారు. మీ గుర్తింపుకు ఆ తేడా అడ్డు కాదు. పసుపు గోధుమరంగు ఈగ చీమల బారు పక్కన కాచుకుని కూర్చుని, చీమ నోట్లోని పిల్లను లాక్కుపోతుంటే అది బెంగాలియా. పేరు ఎలా ఉన్నా మన దగ్గరా ఉంది. ఈ రెండింటినీ ఫొటోతో ప్రజాతి దగ్గరే ఆపండి.

5. క్రైసోమియానా, లూసిలియానా? ఇప్పుడు మిగిలినవి మెరిసేవి, వాటిలో ముందుగా ఈ రెండు ప్రజాతులను విడదీయాలి. పైనుంచి తీసిన ఫొటోలో ముందు ఉరం మధ్యభాగం చూడండి. లూసిలియాకు నడుమ రెండు వరుసల్లో పొడుగాటి ముళ్ల వెంట్రుకలు లేచి నిలబడి ఉంటాయి, ఉదరం ఒకే రంగు. క్రైసోమియాకు ఆ మధ్యభాగం బోసిగా ఉంటుంది. ఉదరం మీద ప్రతి ఖండం వెనక అంచున ముదురు పట్టీ. ఇది త్వరగా చూసే పద్ధతి.

ఖాయం చేసుకోవడానికి వెనకనుంచి తీసిన ఫొటో కావాలి. రెక్క మొదట్లో రెండు పొరలుంటాయి, క్యాలిప్టర్లు. కిందది పెద్దది. దాని పై ఉపరితలం మీద వెంట్రుకలు ఉంటే క్రైసోమియా, నున్నగా ఉంటే లూసిలియా గుంపు. అంచున ఉండే కుచ్చు ఇద్దరికీ ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. రెక్క ప్రధాన ఈనె మొదట్లో, పైవైపు వెనక అంచున చిన్న వెంట్రుకల వరుస కూడా క్రైసోమియాకే ఉంటుంది. ఈ రెండూ ఒకే మాట చెబితే ప్రజాతి తేలిపోయినట్టే.

6. క్రైసోమియా అయితే: ముందు శ్వాసరంధ్రం. పక్క ఫొటోలో తలకు వెనకగా, భుజం బుడిపెకు కింద, ముందు కాలు మొదలుకు పైన ఒక చిన్న అండాకారపు మచ్చ కనిపిస్తుంది. 100 శాతం జూమ్ చేసి దాని రంగు చూడండి.

*ముదురు గోధుమ, దాదాపు నలుపు. చెంప నారింజ పసుపు:* క్రైసోమియా మెగాసెఫాలా. ఫాబ్రీషియస్ 1794లో పేరు పెట్టిన ఈ ఈగే చెన్నై చేపల మార్కెట్లలో ఎక్కువగా మీ కంటపడేది. బొద్దు ఒళ్లు, వెడల్పాటి తల, నీలం పచ్చ కలిసిన రంగు, కింది క్యాలిప్టర్ గోధుమరంగు.

మగది దొరికితే అనుమానమే అక్కర్లేదు. ఫ్రేమ్ నిండా కన్నే వచ్చేంత దగ్గరగా పక్కనుంచి తీయండి. కన్ను పై భాగంలో ఫాసెట్లు (కన్ను తయారైన చిన్న చిన్న పలకలు) పెద్దవిగా, విడివిడిగా లెక్కపెట్టగలిగేటట్టు ఉంటాయి. కిందికి వస్తుంటే ఒక్కసారిగా, క్రమంగా కాదు, చిన్నవై నునుపైన ముదురు ఎరుపుగా మారిపోతాయి. ఆ రెంటి మధ్య సరిహద్దు కంటికి అడ్డంగా గీత గీసినంత స్పష్టం. ఈ గీత కనిపించడానికి వెలుతురు పక్కనుంచి రావాలి. ఎదురుగా ఫ్లాష్ పడితే కన్నంతా ఒకే ఎరుపు ముద్ద. పై ఫాసెట్లు పెద్దవే గానీ సరిహద్దు మెల్లగా కలిసిపోతుంటే ఆగండి; అది వేరే జాతి కావచ్చు. కొండ ప్రాంతాల క్రైసోమియా పింగ్విస్ మగది అలాగే ఉంటుంది.

*తెలుపు లేదా లేత మీగడ రంగు. చెంప కూడా పాలిపోయినట్టు:* క్రైసోమియా రూఫిఫేసీస్. ముదురు పచ్చటి ఒంటి పక్కన ఆ తెల్లటి చుక్క ఒక మోస్తరు ఫోన్ ఫొటోలో కూడా దొరుకుతుంది. ఉదరం పట్టీలు సన్నగా, పదునుగా ఉంటాయి. దీనికి దగ్గరి చుట్టం క్రైసోమియా ఆల్బిసెప్స్. తేడా ఆ శ్వాసరంధ్రం పక్కనే లేచి ఉండే ఒక ముళ్ల వెంట్రుక: రూఫిఫేసీస్‌కు ఉంటుంది, ఆల్బిసెప్స్‌కు ఉండదు. వెంట్రుక కనిపించకపోతే అది విరిగి ఉండొచ్చు. అది మొలిచే గుంట కోసం చూడండి. చిన్న గుండ్రటి గుంట ఉంటే వెంట్రుక ఉన్నట్టే లెక్క. ఇంకోవైపు కూడా చూశాకే లేదని రాయండి.

*ముదురు శ్వాసరంధ్రం, కింది క్యాలిప్టర్ మైనంలా తెల్లగా. ఈగ ఆవు మీదో కుక్క మీదో పుండు దగ్గర:* క్రైసోమియా బెజ్జియానా అనే అనుమానం రావాలి. ఇది బతికున్న జంతువు మాంసంలోనే పెరిగే స్క్రూవర్మ్ ఈగ. చనిపోయిన చేపకు, ఎర సీసాకు సాధారణంగా రాదు. ఫొటోతో ఈ పేరు ఖాయం చేయకండి. ఫొటో తీయడం కోసం పుండును కెలకొద్దు కూడా. జంతువును వెటర్నరీ డాక్టర్‌కు చూపించి, తీసిన పురుగుల్లో కొన్నిటిని ఆల్కహాల్‌లో వేసి ఇమ్మని అడగండి. పుండులో పురుగు ఉన్నంతమాత్రాన అది బెజ్జియానా అయిపోదు. మెగాసెఫాలా, లూసిలియా పురుగులూ పుండ్లలో దొరుకుతాయి.

7. లూసిలియా గుంపు అయితే: ముందు హెమిపైరెల్లియాను విడదీయాలి. అది అచ్చం లూసిలియాలాగే ఉంటుంది, మన ప్రాంతంలోనూ ఉంటుంది. రెక్క మొదలుకూ స్క్యుటెల్లమ్‌కూ మధ్య, క్యాలిప్టర్‌కు పైన ఒక సన్నటి గట్టు ఉంటుంది. ఆ గట్టు మీద గట్టి వెంట్రుకల కుచ్చు ఉంటే లూసిలియా, లేకపోతే హెమిపైరెల్లియా. మామూలు ఫొటోలో ఇది పడదు. అందుకే పైనుంచి తీసిన పచ్చ ఈగ ఫొటోకు నిజాయితీగా ఇవ్వగలిగిన జవాబు "లూసిలియా లేదా హెమిపైరెల్లియా" అన్నదే. అది తక్కువ జవాబేమీ కాదు.

కుచ్చు కనిపించి లూసిలియా అని తేలితే, ఉరం పైనున్న అడ్డగీత వెనక, నడిమి రెండు వరుసల్లో జతలు లెక్కపెట్టండి. 3 జతలు ఉంటే లూసిలియా క్యూప్రినా లేదా లూసిలియా సెరికాటా. మిగతా లూసిలియాల్లో చాలావాటికి 2 జతలే. స్క్యుటెల్లమ్ మీదవాటిని కలిపేయకండి. విరిగినవాటికి గుంటలు లెక్కపెట్టండి.

ఇక ఆ రెంటి మధ్య:

- ముందు కాలు తొడ: క్యూప్రినాకు లోహపు ఆకుపచ్చ మెరుపు, సెరికాటాకు నలుపు లేదా ముదురు నీలం.
- తల వెనక, నడినెత్తి లోపలి పెద్ద వెంట్రుకకు కింద: క్యూప్రినాకు ఒక్కోవైపు 1 చిన్న వెంట్రుక, సెరికాటాకు 2 లేదా అంతకంటే ఎక్కువ.
- భుజం బుడిపె వెనక వాలు మీద సన్న వెంట్రుకలు: క్యూప్రినాకు 0 నుంచి 4, సెరికాటాకు 6 నుంచి 8.

ఈ మూడింటిలో రెండైనా ఒకేవైపు చూపాలి. ఒక్క తొడ రంగు చాలదు. కారణం కింద తప్పుల్లో చెప్పాం. క్యూప్రినా వేడి ప్రాంతాల ఈగ, సెరికాటా చల్లటి ప్రాంతాల్లో ఎక్కువ. చెన్నై ఫొటోకు సెరికాటా అని రాసేముందు తల వెనక వెంట్రుకలు కచ్చితంగా చూసి ఉండాలి.

8. పేరు రాయడం. ఏ గుర్తు చూసి ఏ పేరు రాశారో పక్కనే రాయండి: "ముందు శ్వాసరంధ్రం తెలుపు, పక్కన వెంట్రుక ఉంది, అందుకే రూఫిఫేసీస్" అని. గుర్తు రాయలేకపోతే ఆ పేరు మీకు ఇంకా తెలియనట్టే. ఒక మెట్టు వెనక్కి, ప్రజాతి దగ్గర ఆగండి.

తరచూ జరిగే తప్పులు

*రంగు చూసి పేరు పెట్టడం.* ఒకే ఈగ ఎండలో ఆకుపచ్చగా, నీడలో నీలంగా, ఫ్లాష్‌లో రాగి రంగుగా వస్తుంది. నీలంగా ఉంది కాబట్టి బ్లూబాటిల్, అంటే కాలిఫోరా అనేయడం మరీ ఎక్కువ. కాలిఫోరా చల్లటి ప్రాంతాల ప్రజాతి. చెన్నైలో నీలంగా మెరిసే బొద్దు ఈగ దాదాపు ఎప్పుడూ మెగాసెఫాలానే అవుతుంది. చెంప నారింజ రంగులో ఉండటం ఇంకా గందరగోళపెడుతుంది, ఎందుకంటే కాలిఫోరా విసినాకూ చెంప ముందు భాగం నారింజే. ఐదో అడుగులో చెప్పిన రెక్క ఈనె మొదలు చూడండి. అక్కడ వెంట్రుకలు ఉంటే కాలిఫోరా కాదు. ఇక్కడ క్యాలిప్టర్ పనికిరాదు, కాలిఫోరాకూ దాని మీద వెంట్రుకలు ఉంటాయి.

*సైజు చూసి పేరు పెట్టడం.* పురుగు దశలో తిండి చాలకపోతే మెగాసెఫాలా కూడా లూసిలియా అంత చిన్నగా బయటికొస్తుంది. చిన్న చేపముక్క మీద వందల పురుగులు పడితే జరిగేది అదే. స్కేలు ఫొటో రికార్డు కోసమే, తీర్పు కోసం కాదు.

*ఆకు మీద తొడ రంగు చూడటం.* నల్లటి తొడ మీద కింది ఆకు పచ్చదనం ప్రతిఫలించి క్యూప్రినా అనిపిస్తుంది. తెల్ల కాగితం అడగడానికి ఇదే కారణం. కాగితం మీద కూడా పచ్చగా మెరిస్తేనే పచ్చ.

*వెనక శ్వాసరంధ్రాన్ని ముందుది అనుకోవడం.* వెనకది క్యాలిప్టర్ కింద, హాల్టియర్ (వెనక రెక్క ఉండాల్సిన చోట ఉండే చిన్న బుడిపె) దగ్గర ఉంటుంది. రూఫిఫేసీస్‌ను మెగాసెఫాలాగా రాసేవాళ్లలో కొందరు చూసింది ఆ రంధ్రాన్నే. శ్వాసరంధ్రం మీద దుమ్ము, ఎర తడి పట్టినా తెల్లది నల్లగా కనిపిస్తుంది. రెండువైపులా తీయండి.

*అప్పుడే బయటికొచ్చిన ఈగను గుర్తించబోవడం.* రెక్కలు ముడతలుగా, ఒళ్లు బూడిదరంగుగా, నుదుటి మీద బుడగ ఉబ్బుతూ తగ్గుతూ ఉంటే అది ప్యూపా నుంచి ఇప్పుడే వచ్చింది. రంగులేవీ నమ్మదగినవి కావు. డబ్బాలో ఒక రోజు ఉంచి చక్కెర నీళ్లు ముంచిన దూది పెట్టండి, మర్నాడు తీయండి.

*రెండు ఈగల ఫొటోలు కలిపేయడం.* మార్కెట్‌లో పది ఈగలు ఒకే చోట ఉంటాయి. పై ఫొటో ఒకదానిది, పక్క ఫొటో ఇంకోదానిది అయితే ఏ పట్టికా పనిచేయదు. ఒక ఈగ పూర్తయ్యాక మీ అరచేతిని ఒక ఫొటో తీసి తర్వాతి ఈగకు వెళ్లండి. ఇంటికొచ్చాక ఎక్కడ ఏది అయిపోయిందో తెలుస్తుంది.

*యాప్ చెప్పింది అలాగే ఒప్పుకోవడం.* ఐనాచురలిస్ట్ లాంటివి పోలికలు చూసి సూచిస్తాయి. మెరాన్ వెంట్రుకలు అవి చూడవు. పచ్చ ఈగ ఏదైనా లూసిలియా సెరికాటా అని సూచన వస్తే ఆశ్చర్యపోకండి, ఒప్పుకోకండి కూడా. ఇంకొకరు ఒప్పుకున్నారు కదా అని మీరూ నొక్కితే తప్పు పేరు గట్టిపడుతుంది. వాళ్లు ఏ గుర్తు చూశారో అడగండి.

సరిచూసుకోవడం

ముందుగా, పేరును దాచేసి ఇంకో రోజు మళ్లీ మొదటి అడుగు నుంచి రండి. రెండోసారి వేరే పేరు వస్తే ఏ అడుగులో దారి మారిందో చూడండి. ఎక్కువసార్లు అది ఐదు లేదా ఏడు. ఆ అడుగుకు కావలసిన ఫొటో లేనట్టే.

రెండోది, ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు గుర్తులు ఒకే పేరు చెప్పాలి. శ్వాసరంధ్రం, చెంప రెండూ రంగులే కాబట్టి వెలుతురు తేడా వస్తే రెండూ కలిసే తప్పుతాయి. రంగు గుర్తు ఒకటి, వెంట్రుక లేదా కంటి నిర్మాణం గుర్తు ఒకటి తీసుకోండి.

మూడోది, నమూనా. జాతి తప్పకుండా తెలియాల్సిన పని అయితే, ప్రాజెక్ట్ రిపోర్టో పుండు కేసో అయితే, ఫొటో చాలదు. ఈగను ఫ్రీజర్‌లో కొన్ని గంటలు ఉంచి చంపి, ఉరం మధ్యగీతకు కుడివైపు పిన్ను గుచ్చండి. కుడివైపు వెంట్రుకలు పాడైనా ఎడమవైపు మొత్తం మిగులుతుంది. రెక్కలొచ్చిన ఈగను ఆల్కహాల్‌లో వేస్తే రంగు, బూడిద పూత మారిపోతాయి, కాబట్టి అది పురుగులకే ఉంచండి. తేమకు బూజు పడుతుంది. పెట్టెలో సిలికా జెల్ వేసి, అక్టోబర్ నుంచి డిసెంబర్ వానల్లో తరచూ మార్చండి. లేబుల్ మీద ఊరు, చోటు, తేదీ, ఎర ఏమిటి, పట్టినవారు ఎవరు రాయాలి. లేబుల్ లేని ఈగకు విలువ లేదు. శాంతోమ్ హై రోడ్డులో జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఉంది. ముందుగా రాసి, ఫొటోలు, లేబుల్ వివరాలు పంపి అనుమతి అడిగాకే నమూనాతో వెళ్లండి. మగదాన్ని ఇవ్వగలిగితే మేలు, జననాంగాల నిర్మాణం చూసి ఇక సందేహం లేకుండా చెప్పగలుగుతారు.

పురుగుల ఫొటోలు పంపేవారికి

గుడ్ల ఫొటోతో జాతి చెప్పలేం. పురుగుల్లో ఒంటినిండా కండగల ముళ్లలాంటి బుడిపెలు ఉంటే రూఫిఫేసీస్ వైపు, అంటే ఆల్బిసెప్స్‌నూ కలుపుకుని ఆ గుంపు వైపు వెళ్లొచ్చు. ఇవి పక్కనున్న వేరే పురుగులనూ తింటాయి, కాబట్టి ఒకే డబ్బాలో కలిపి పెంచకండి, మిగతావి మాయమవుతాయి. నున్నటి పురుగైతే మొద్దుగా ఉన్న వెనక చివర తీయండి, అక్కడ రెండు శ్వాస పలకలుంటాయి. పెద్ద పురుగులో పలక చుట్టూ వలయం పూర్తిగా మూసుకుని ఉంటే లూసిలియా వైపు, ఒకచోట తెగి ఉంటే మెగాసెఫాలా వైపు. బతికున్న పురుగు ఆ భాగాన్ని లోపలికి ముడుచుకుంటుంది. దాదాపు 80 డిగ్రీల వేడినీళ్లలో అర నిమిషం ఉంచితే నిటారుగా సాగి ఆగిపోతుంది, తర్వాత 80 శాతం ఆల్కహాల్‌లోకి మార్చండి. వేడినీళ్లు లేకుండా నేరుగా ఆల్కహాల్‌లో వేస్తే నల్లబడి ముడుచుకుపోతుంది, ఆ పలకలు ఇక కనిపించవు. అదే గుంపులోంచి ఐదారిటిని విడిగా, పొడి ఇసుక మీద చేపముక్క పెట్టి, పైన గుడ్డ కట్టి పెంచండి. ఈగ వచ్చాక పై అడుగులన్నీ దాని మీద మొదటి నుంచి వాడొచ్చు.